తీర్పు గూడేనికి చేరేదాకా

మన ఏజెన్సీలో 'ఒకటి బై డెబ్బై' అన్న మాట వినని మనిషి ఉండడు. అక్షరం రాని ముసలమ్మ కూడా సంతలో కూర్చుని, మన భూమి బయటివాళ్ళు కొనకూడదని, దానికి ఒకటి బై డెబ్బై ఉందని చెబుతుంది. అయితే ఆ చట్టం చెల్లదని ఎవరు కోర్టుకు వెళ్ళారు, కోర్టు ఏమంది, ఏ సంవత్సరంలో అంది అని అడిగితే డిగ్రీ చదివిన పిల్లలు కూడా తడుముకుంటారు. చట్టం పేరు మనకు తెలుసు. ఆ చట్టాన్ని నిలబెట్టిన తీర్పులు తెలియవు. మన భూములు ఎందుకు నిలిచాయో, ఎక్కడ జారిపోయాయో, మన ఉద్యోగాలు ఎలా వచ్చాయో, ఎలా ఆగాయో ఆ తీర్పుల్లో రాసి ఉంది. అవి ఇంగ్లీషులో ఉన్నాయి, పట్నంలో ఉన్నాయి. వాటిని ఊరికి తెచ్చే పని ఇంకా మిగిలే ఉంది.

కొన్ని ముఖ్యమైన తీర్పులను వరుసగా చూద్దాం. ఏం జరిగిందో తెలుసుకుంటూనే, ఒక తీర్పును ఎలా చదవాలో కూడా నేర్చుకుందాం.

తెలియని తీర్పు ఏం చేస్తుంది

1839లో ఇంగ్లీషు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరు చేతికి ఇచ్చింది. ఆయనకు 'ఏజెంటు' అని పేరు. 'ఏజెన్సీ' అనే మాట అక్కడినుంచే మనకు మిగిలింది. ఆ చట్టం పరిధిలో లేని గోదావరి జిల్లా రంప కొండల్లో సంగతి వేరుగా ఉండేది. మైదానపు వ్యాపారులు అప్పుల పేరుతో దావాలు వేసేవారు. కొండవాళ్ళకు ఆ దావా సంగతే తెలిసేది కాదు. వాళ్ళు హాజరు కాలేదని కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేది. ఆ తరువాత జవాన్లు వచ్చి గొడ్డూ గోదా తోలుకుపోయేవారు. అంటే తీర్పు వచ్చిందన్న సంగతి మనవాళ్ళకు జప్తు రోజునే తెలిసేది. 1879 రంప పితూరీకి చెట్టుపన్ను, మునసబుదారు దోపిడీ, పోలీసుల జులుం ఎంత కారణమో ఈ డిక్రీలు కూడా అంత కారణం.

తెలియని తీర్పు మనిషిని ఎంత దెబ్బ తీస్తుందో మన చరిత్ర ఇలా మొదట్లోనే చూపించింది.

1917 నుంచి 1970 దాకా

పితూరీలు, అప్పులు, భూములు చేజారడం చూసి మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల వాళ్ళు తమ భూమిని ఇతరులకు రాసిస్తే ఆ రాత చెల్లదు. అటు నైజాం వైపు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక ప్రభుత్వానికి గోండుల భూమి బాధ పట్టింది. పరిశీలించమని హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆ తరువాత అక్కడా గిరిజన ప్రాంతాలకు వేరే నిబంధనలు వచ్చాయి.

రాష్ట్రం ఏర్పడ్డాక రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద 1959లో ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేశారు. అందులో ఒక పెద్ద కంత ఉంది. అప్పటికే ఏజెన్సీలో పాతుకుపోయిన గిరిజనేతరులు తమలో తాము భూములు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఆ కంతను పూడ్చిందే 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన సవరణ. మనం ఒకటి బై డెబ్బై అనేది దాన్నే.

ఆ సవరణ రెండు గట్టి మాటలు చెప్పింది. ఒకటి, ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా, అమ్మేది ఆదివాసీ అయినా కాకపోయినా, ఆదివాసీకి తప్ప మరొకరికి అమ్మకూడదు. రెండు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం ఆ గిరిజనేతరుడిదే. కాగితం చూపించమని పేద ఆదివాసీని నిలదీసే పద్ధతిని చట్టం తిరగేసింది.

1988: చట్టం నిలిచిన రోజు

ఇంత గట్టి చట్టం మీద కేసు పడకుండా ఉండదు. గిరిజనేతర భూస్వాములు కోర్టుకెక్కారు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటే మీకేం నష్టం, ఇది మా సమానత్వ హక్కుకు, ఆస్తి హక్కుకు విరుద్ధం అని వాదించారు. ఆ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పి. రామిరెడ్డి కేసులో 1988లో వచ్చిన తీర్పు ఒకటి బై డెబ్బైని నిలబెట్టింది.

ఎందుకు నిలబెట్టిందో తెలుసుకోవాలి. ఏజెన్సీ భూమి మొదట ఆదివాసులది. అది గిరిజనేతరుల మధ్య చేతులు మారుతూ పోతే ఎప్పటికీ తిరిగి ఆదివాసీ చేతికి రాదు. కాబట్టి వాళ్ళ మధ్య అమ్మకాలను కూడా ఆపడం సబబే. షెడ్యూల్డు తెగల మేలు కోసం ఇలాంటి ఆంక్షలు పెట్టడానికి రాజ్యాంగం 19వ అధికరణంలోనే చోటు ఇచ్చింది. కోర్టు వాదనలోని సారం ఇది. మనవాడు సంతలో నిలబడి "ఇది మా భూమి" అన్నప్పుడు చెప్పే మాట కూడా ఇదే కదా! కోర్టు దాన్ని చట్టం భాషలో రాసింది.

1995లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఈ నిబంధన వెనక్కి వర్తించదు, అది అమల్లోకి రాకముందే జరిగిపోయిన బదలాయింపులను పట్టుకోదు అని చెప్పింది. ఇది మనకు నచ్చని తీర్పే. అయినా తెలుసుకోవాల్సిన తీర్పు. దీని తరువాత ఎల్‌టీఆర్ కేసుల్లో తేదీకి ప్రాణం వచ్చింది. పాత తేదీతో తెల్లకాగితం రాసి "1970కి ముందే కొన్నాం" అనడం వల్ల ఎవరికి లాభమో ఈ తీర్పు తెలిసినవాడికి వెంటనే అర్థమవుతుంది. అప్పుడు ఆ కాగితాన్ని, పాత అడంగల్‌ను, శిస్తు రసీదులను పక్కపక్కన పెట్టి చూడమని అడగగలడు. తీర్పు తెలియనివాడు తేదీ చూసి ఇంటికి తిరిగి వస్తాడు.

సమత తీర్పు: ఒకే మాటకు రెండు అర్థాలు

ఇప్పుడు అనంతగిరి కొండలకు వెళ్దాం. విశాఖ జిల్లా బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులు ఇచ్చింది. అక్కడి ఆదివాసుల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. ప్రశ్న చూడడానికి చిన్నది. ఒకటి బై డెబ్బైలో 'ఏ వ్యక్తి అయినా' తన భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదు అని ఉంది. ఆ 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందా? ఉంటే ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదు. ఉండకపోతే ప్రభుత్వం తన భూమి పేరుతో కొండనంతా లీజుకివ్వవచ్చు.

ఈ ప్రశ్న మీద మన హైకోర్టులోని రెండు ధర్మాసనాలు వేరువేరుగా తీర్పు చెప్పాయి. ముందు వచ్చిన ధర్మాసనం ఒక దారి పట్టింది, తరువాతిది దానికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. 1995 ఏప్రిల్‌లో సమత పిటిషన్‌ను హైకోర్టు కొట్టేసింది. ఆ రోజు 'కేసు ఓడిపోయాం' అన్న మాట ఒక్కటే కొండమీదికి చేరి, దాంతో అందరూ చేతులు దులుపుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ సుప్రీంకోర్టులో అప్పీలు పడింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, కె. రామస్వామి, సగీర్ అహ్మద్, 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా అని తేల్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్నారు. మూడో న్యాయమూర్తి జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆయన తన అభిప్రాయం విడిగా రాశారు. కాబట్టి తీర్పు ప్రతి చేతికి వస్తే ముందు చూడాల్సింది ఆ పేజీ ఎవరు రాశారన్నది. మెజారిటీ రాసిందే అమలవుతుంది. విభేదించిన న్యాయమూర్తి పేజీలు చదివి అదే తీర్పు అనుకుంటే అసలుకే మోసం వస్తుంది.

సమత తీర్పు గురించి మన సభల్లో ఒక సగం నిజం తిరుగుతూ ఉంటుంది. 'ఏజెన్సీలో గనులు తవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది' అంటారు. కోర్టు అంత మాట అనలేదు. ప్రైవేటు గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదని చెప్పింది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, పూర్తిగా ఆదివాసులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం గానీ చట్టాలకు లోబడి తవ్వడానికి దారి ఉంచింది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు, అడవి పెంపకానికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

ఆ దారి సంగతి తెలిసినవాళ్ళకే తరువాత జరిగింది అర్థమవుతుంది. 2005 తరువాత విశాఖ మన్యంలో బాక్సైట్ కోసం చేసిన ఏర్పాట్లలో తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం అందేది ప్రైవేటు అల్యూమినా కర్మాగారాలకు. మన్యం ప్రజలు ఏళ్ళ తరబడి దాన్ని ఎదిరించారు. 'సమత తీర్పు ఉంది కదా, గని రాదు' అని కూర్చున్నవాడికి ఆ తీర్పులో ఏ తలుపు తెరిచి ఉందో తెలియదు. తీర్పు మనకు అనుకూలంగా వచ్చినప్పుడు దాన్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి.

జీఓ 3: సగం వింటే వచ్చే నష్టం

టీచర్లకు ఈ కథ బాగా తెలుసు. 1986లో జీఓ 275 ద్వారా ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్నారు. దాని మీద కేసులు నడిచాయి. 2000 జనవరి 10న కొత్తగా జీఓ 3 వచ్చింది. మైదానం నుంచి వచ్చిన టీచరు నెలకు నాలుగు రోజులు కూడా బడి తెరవని రోజులు మన పెద్దలకు గుర్తే. కోయ పిల్లాడికి కోయలో చెప్పే టీచరు, కువి పిల్లకు కువిలో చెప్పే టీచరు ఈ జీఓ వల్ల వచ్చారు. హైకోర్టులో మెజారిటీ తీర్పు ఈ జీఓను సమర్థించింది.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీఓను కొట్టేసింది. ఇలాంటి రోజున ఏ టీచరైనా మొదట అడిగే ప్రశ్న 'నా ఉద్యోగం ఉంటుందా?' అనే. దానికి జవాబు తీర్పులోనే ఉంది. అప్పటిదాకా జరిగిన నియామకాలను కోర్టు కదిలించలేదు. ఇకముందు రెండు రాష్ట్రాలు ఇలా చేయకూడదని, రిజర్వేషన్ పరిమితి దాటకూడదని షరతు పెట్టింది.

కోర్టు ఏమంది? నూటికి నూరు శాతం రిజర్వేషన్ ఇతరుల సమాన అవకాశాన్ని పూర్తిగా తీసేస్తుంది, ఇంద్రా సహానీ తీర్పు ప్రకారం అది చెల్లదు అంది. ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారం పార్లమెంటు, శాసనసభ చేసిన చట్టాలకు సంబంధించినదని, ఉద్యోగ నియామకాల నిబంధనలను దానితో మార్చడం కుదరదని అంది. ఆ అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని అంది. 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసం ఉండాలన్న షరతు కూడా సబబు కాదంది.

కోర్టు ఏమనలేదు? ఎస్టీ రిజర్వేషనే తప్పని అనలేదు. ఒకటి బై డెబ్బైని ముట్టుకోలేదు. పిల్లలకు వాళ్ళ మాతృభాషలో చదువు చెప్పకూడదని అనలేదు. 'అనలేదు' అన్నవాటిని కూడా చెప్పకపోతే, ఒక తీర్పు పేరు చెప్పి మన హక్కులన్నీ పోయాయని భయపెట్టేవాళ్ళకు పని సులువవుతుంది. ఈ తీర్పుతో మనం ఒప్పుకోకపోవచ్చు. స్థానిక ఆదివాసీ టీచరు ఎందుకు కావాలో కోర్టు లోతుగా చూడలేదని మన సంఘాలు అన్నాయి, ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఒప్పుకోకపోవడానికి కూడా ముందు చదవాలి. కొత్త చట్టం అడగాలా, పునఃపరిశీలన అడగాలా, భాష వచ్చిన టీచర్లకు వేరే దారి అడగాలా అన్నది తీర్పులో ఏ తలుపు మూసుకుంది, ఏది మూసుకోలేదు అన్నదాని మీదే ఆధారపడుతుంది.

మన పంచాయితీ, వాళ్ళ కోర్టు

ఆదిలాబాద్ గోండు గూడేల్లో రాయి సెంటర్ కూర్చుంటే అందరి ముందూ, అందరి భాషలో మాట్లాడతారు. సార్మెడి చెప్పిన తీర్పు ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అక్కడే వింటారు. దాన్ని విడిగా వివరించే మనిషి అక్కర్లేదు. హైకోర్టు తీర్పు అలా కాదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టుల, సుప్రీంకోర్టు పని భాష ఇంగ్లీషు. 1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాద్ చేరి, 2019 జనవరి 1 నుంచి రెండుగా విడిపోయిన మన హైకోర్టుల తీర్పులు చాలామటుకు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

ఈ దూరాన్ని తగ్గించడానికి కొందరు పనిచేశారు. హక్కుల ఉద్యమంలో ఉంటూ, లెక్కల పాఠాలు వదిలి లాయరైన కె. బాలగోపాల్ ఆదివాసుల భూమి కేసులు హైకోర్టులో వాదించారు. ఏజెన్సీ చట్టాల గురించి మామూలు తెలుగులో రాశారు, సభల్లో చెప్పారు. 2009లో ఆయన చనిపోయాక ఆ పని చేసేవాళ్ళు తగ్గారు. ఈ మధ్య కొంత మార్పు వచ్చింది. 2019 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులు కొన్నింటిని తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదించి పెడుతోంది. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక కుటుంబ ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు రాసింది. ఇవి మంచి అడుగులు. కానీ కోర్టు తెలుగు కూడా మన ముసలమ్మకు ఇంకో మెట్టు దూరమే. చివరి మెట్టు కోయలో, గోండిలో, కువిలో, సవరలో దిగాలి. అది దింపగలిగింది మన టీచర్లు, చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు.

ఎలా చదవాలి

ఎల్‌టీఆర్ కేసు నడిచే మెట్లు ముందు గుర్తుపెట్టుకోవాలి. మొదట స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. ఆయన మీద అప్పీలు ఏజెంటు దగ్గరికి. ఆ పైన రివిజన్ ప్రభుత్వం దగ్గరికి. ఆ తరువాత హైకోర్టులో రిట్, చివరికి సుప్రీంకోర్టు. ఎవరైనా 'తీర్పు వచ్చింది' అంటే ఏ మెట్టు మీద వచ్చిందని మొదట అడగాలి.

తరువాత అది మధ్యంతర ఉత్తర్వా, తుది తీర్పా అని అడగాలి. 'స్టే' అంటే గెలుపు కాదు, కేసు తేలేదాకా కింది ఉత్తర్వు ఆగిందని మాత్రమే. 'స్టేటస్ కో' అంటే ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళ చేతిలోనే ఉండాలని. భూమి ఇప్పటికే గిరిజనేతరుడి చేతిలో ఉంటే ఆ మాట ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు. 'రిమాండ్' అంటే ఓటమి కాదు, మళ్ళీ విచారించమని కింది అధికారికి పంపారని. అప్పుడు కొత్త వాయిదాకు హాజరు కావాలి. 'కేసు కొట్టేశారట' అని ఊరుకుంటే 1879 నాటి ఏకపక్ష డిక్రీలే మళ్ళీ వస్తాయి.

చివరి పేజీ ముందు చదవండి. కోర్టు ఏం చేయమని ఆదేశించిందో అక్కడ ఉంటుంది. ఆ తరువాత వెనక్కి వచ్చి ఎందుకలా అందో చదవండి. రెండు వర్గాల వాదనలు రాసిన పేజీలు కోర్టు మాట కావు, అవి వేరుగా పెట్టండి. చదివాక మూడు ముక్కలు రాయండి: కోర్టు ఏం చేయమంది, ఎందుకు చేయమంది, ఏం అనలేదు. ఈ మూడూ ఒక పేజీలో పట్టకపోతే మనకే ఇంకా అర్థం కాలేదని లెక్క.

ఒక్కో గూడెంలో ఎల్‌టీఆర్ కేసు ఉన్న కుటుంబాలకు ఒక నోటు పుస్తకం పెట్టండి. కేసు నంబరు, ఏ కోర్టు, తరువాతి వాయిదా, లాయరు ఎవరు అన్నవి అందులో రాయండి. కేసు నంబరు ఉంటే హైకోర్టు కేసు ఏ దశలో ఉందో ఫోన్లోనే చూసుకోవచ్చు. లాయరుకు డబ్బు లేదని వాయిదా వదులుకోవద్దు. 1987 న్యాయసేవల అధికార చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా వస్తుంది. మండల, జిల్లా న్యాయసేవల సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటే లాయరును ఇస్తారు.

బడి పిల్లలకు పౌరశాస్త్రంలో న్యాయవ్యవస్థ పాఠం ఉంది. ఆ పాఠం చెప్పే రోజున రామిరెడ్డి కేసు, సమత కేసు, జీఓ 3 కేసు ఒక్కో పేజీగా రాసి చదివించండి. పిల్లలు ఆ పేజీ ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ అవ్వకు తమ భాషలో చెప్పాలి. అవ్వ అడిగే ప్రశ్నలు మరునాడు బడికి తేవాలి. జవాబు తెలియనివి లాయరును అడుగుదాం. అలా ఏడాదిలో మూడు తీర్పులు తెలిసినా, ఒకటి బై డెబ్బై అన్న మాట వెనక ఏముందో ఆ గూడెంలో ప్రతి ఇల్లూ చెప్పగలుగుతుంది.